'కూర్చో' అన్నకొద్దీ

టీచరు ఆఫీసు గదికి వెళ్తూ క్లాసు లీడరుకి ఒక పని అప్పజెబుతుంది: మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయమని. ఆ తర్వాత ఏం జరుగుతుందో మన బడుల్లో చదివిన ఎవరికైనా తెలుసు. మొదటి పేరు పడేదాకా క్లాసు బుద్ధిగానే ఉంటుంది. పేరు పడ్డవాడు మాత్రం ఎటూ పడిందిగా అని ఇంకాస్త మాట్లాడతాడు. పేరు పక్కన ఒక ఇంటూ, ఇంకో ఇంటూ పడతాయి. మూడోది పడేసరికి వెనక బెంచీలు పగలబడి నవ్వుతాయి. పొద్దుటినుంచి ఎవరూ పట్టించుకోని కుర్రాడు పది నిమిషాల్లో హీరో అయిపోతాడు. అల్లరి ఆపడానికి పెట్టిన ఏర్పాటే అల్లరికి సన్మానం చేస్తుంది.

1968లో అమెరికాలో చార్లెస్ మాడ్సెన్, వెస్లీ బెకర్, వాళ్ళ సహచరులు ఒక ఒకటో తరగతిలో కూర్చుని ఇలాంటి సంగతే లెక్కగట్టారు. పాఠం మధ్యలో పిల్లలు లేచి తిరుగుతుంటే టీచర్లు 'కూర్చో, కూర్చో' అంటున్నారు. ఆ మాట ఇంకా ఎక్కువసార్లు అనమన్నారు పరిశోధకులు. అన్నకొద్దీ లేచేవాళ్ళు పెరిగారు. చిత్రమేమిటంటే, టీచరు గద్దించగానే ఆ పిల్లవాడు నిజంగానే కూర్చుంటాడు. అందుకే తన మాట పనిచేస్తోందని ఆమెకు నమ్మకం. కాసేపటికి వాడే మళ్ళీ లేస్తాడని ఎవరు లెక్కపెట్టుకుంటారు? చివరికి లేచినవాళ్ళని వదిలేసి, కూర్చుని పని చేసుకుంటున్నవాళ్ళని మెచ్చుకోమన్నారు. తిరగడం తగ్గింది.

టీచరు చూపు పిల్లవాడికి బహుమానమే, అందులో కోపం ఉన్నా సరే. మన టీచర్ల అర్హత పరీక్ష టెట్ పుస్తకాల్లో దీని పేరు పునర్బలనం. టెట్‌లో 150 మార్కులకు 30 శిశు వికాసం, పెడగాజీలవే. కోచింగ్ సెంటర్లో ఏ అభ్యర్థిని నిద్రలేపి అడిగినా చెబుతారు: పిల్లి థార్న్‌డైక్‌ది, కుక్క పావ్లోవ్‌ది, ఎలుక స్కిన్నర్‌ది, బొమ్మ బండూరాది. జతపరచడం అయిపోతుంది, ఉద్యోగం వస్తుంది, గైడు తర్వాతి బ్యాచి తమ్ముడికి వెళ్ళిపోతుంది. తప్పు వాళ్ళదని నేననను. ఏ సిద్ధాంతం ఎవరిదని అడిగిన పరీక్ష, మూడుసార్లు ఇంటూ పడ్డ కుర్రాణ్ణి మీరైతే ఏం చేస్తారని అడగలేదు కదా.

ఎలుకలాయన అనిపించుకున్న స్కిన్నర్ 1953 నవంబరులో తన కూతురు చదివే నాలుగో తరగతి చూడడానికి వెళ్ళాడు. ఆ రోజు తండ్రులు బడికి వచ్చి చూసే రోజు. లెక్కల క్లాసు నడుస్తోంది. కొందరు పిల్లలు ఎప్పుడో ముగించేసి దిక్కులు చూస్తున్నారు, కొందరు మొదటి లెక్క దగ్గరే కొట్టుకుంటున్నారు. టీచరు బెంచీల మధ్య తిరిగింది, చివర్లో కాగితాలు తీసుకుంది, మర్నాడు దిద్ది ఇస్తుంది. స్కిన్నర్‌కి మనసు ఆగలేదు. ప్రయోగశాలలో ఎలుకకైనా పావురానికైనా చేసిన పనికి ఫలితం వెంటనే అందుతుంది, తన కూతురికి మర్నాటిదాకా అందదు. కొద్ది రోజుల్లోనే, చేసిన లెక్క ఒప్పో తప్పో అక్కడికక్కడే చూపించే యంత్రం ఒకటి ఆయన కట్టాడు.

ఆ యంత్రం మన బడికి రాకపోయినా ఫర్వాలేదు, ఆ ఆదుర్దా రావాలి. హైస్కూల్లో నాలుగు సెక్షన్లకు లెక్కలు చెప్పే మాష్టారి టేబుల్ మీద నోటుబుక్కుల దొంతర ఎంత ఎత్తుంటుందో చూడండి. సోమవారం చేసిన లెక్క మీద ఎర్ర సిరా పడేసరికి వారం దాటుతుంది. ఈలోగా ఆ పిల్ల అదే తప్పును ఇంకో ఇరవై లెక్కల్లో నిశ్చింతగా సాధన చేసి ఉంటుంది. దొంతర దిద్దలేదని మాష్టారిని తనిఖీలో నిలదీయడం తేలిక. క్లాసులోనే మొదటి రెండు లెక్కలు అయ్యాక ఆగి, పక్కపక్కవాళ్ళు ఒకరిది ఒకరు చూసుకోమంటే మూడు నిమిషాల పని. తప్పు ముదరకముందే దొరుకుతుంది. ఎర్ర టిక్కులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే తనిఖీకి ఈ మూడు నిమిషాలు కనిపించవు.

ఇక శిక్ష. స్కిన్నర్‌కి దానిమీద నమ్మకం లేదు. దెబ్బ తిన్నవాడు నేర్చుకునేది ముఖ్యంగా దెబ్బ తప్పించుకోవడమేనని ఆయన వాదన. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా హింసించడాన్నీ రెండింటినీ నిషేధించింది. కోదండం మన తాతలతో పోయింది గానీ గోడకుర్చీ, గుంజీలు ఇంకా పోలేదు. 'నలుగురికీ బుద్ధి వస్తుంది' అన్నదే వాటిని వెనకేసుకొచ్చే వాదన. అంటే చూసేవాళ్ళు నేర్చుకుంటారనే. ఆల్బర్ట్ బండూరా 1965లో పరీక్షించింది సరిగ్గా దీన్నే. ఒక పెద్దమనిషి గాలిబొమ్మను చావబాదే సినిమా చిన్నపిల్లలకు చూపించాడు. కొందరికి చూపిన సినిమాలో ఆ మనిషికి బహుమానం దక్కింది, కొందరికి చూపినదాంట్లో చీవాట్లు పడ్డాయి, మిగిలినవాళ్ళకు చూపినదాంట్లో ఏమీ కాలేదు. తర్వాత పిల్లల్ని బొమ్మ ఉన్న గదిలో వదిలారు. చీవాట్లు చూసిన పిల్లలు తక్కువగా కొట్టారు. ఇక్కడితో ఆపేస్తే బెత్తం పట్టిన మాష్టారు గెలిచినట్టే. బండూరా ఆపలేదు. సినిమాలో ఏం చూశారో చేసి చూపిస్తే స్టిక్కర్లు, పళ్ళరసం ఇస్తామన్నాడు. అంతే, మూడు గుంపుల మధ్య తేడా చెరిగిపోయింది. చీవాట్లు చూసినవాళ్ళు కూడా కొట్టడం పూర్తిగా నేర్చుకున్నారు, బయటపెట్టలేదంతే. గోడకుర్చీ చూసిన క్లాసు కూడా అలాగే ఊరుకుంటుంది, మాష్టారు ఉన్నంతసేపు.

అలాగని చేతినిండా స్టార్లూ చాక్లెట్లూ పంచమనీ అనను. 1973లో మార్క్ లెపర్ బృందం స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్ని తీసుకుంది. బొమ్మ వేస్తే రిబ్బను అతికించిన సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పి, అలాగే ఇచ్చింది. ఒకటి రెండు వారాల తర్వాత ఊరికే పెన్నులు పెట్టి చూస్తే, వాటి జోలికి తక్కువగా వెళ్ళినవాళ్ళు వాళ్ళే. ఇష్టం లేని పనికి చాక్లెట్ ఆశ పెడితే పెట్టండి, కథల పుస్తకం చదువుతున్న పిల్లకి మాత్రం దయచేసి వద్దు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది బండూరా దారిలో తర్వాతివాళ్ళు చేసిన పని. దాని సంగతి ఒక తీసివేతతో చెబుతాను. 402లోంచి 178 తీసేయాలి. మూడో తరగతిలో చాలామంది 376 అని రాస్తారు. అది గాలివాటు జవాబు కాదు. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీశారు, సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడు దించారు, నాలుగులో ఒకటి పోతే మూడు. టీచరు ఇంటూ కొడితే తన తర్కం ఎక్కడ తెగిందో ఆ పిల్లకి తెలియదు. టీచరే బోర్డు మీద చకచకా 224 తేలిస్తే ఆవిడకు వచ్చని మాత్రం తెలుస్తుంది.

ఒక మండల పరిషత్ బడిలో ఇదే లెక్కకి టీచరు సుద్దముక్కను ఒక పిల్ల చేతికిచ్చింది, ఏం చేస్తున్నావో పైకి చెబుతూ చెయ్యమంది. 'రెండులోంచి ఎనిమిది పోదు. పక్కన అప్పు అడగాలి. పక్కన సున్నా. దాని దగ్గరే ఏం లేదు...' అని పిల్ల ఆగిపోయింది. క్లాసు నవ్వింది. టీచరు నోరు విప్పలేదు, అదే ఆవిడ గొప్ప. 'అయితే ఆ పక్కన అడగాలి' అంది పిల్ల మెల్లగా. నాలుగుని కొట్టేసి మూడు వేసింది, సున్నా పది అయింది, అందులో ఒకటి ఇటు ఇచ్చి తొమ్మిదయింది, రెండు పన్నెండయింది. మొదటి బెంచీలో 376 వేసిన ఇద్దరు చెప్పకుండానే రబ్బరు తీశారు.

డేల్ షంక్, ఆంటొనెట్ హాన్సన్ 1985లో ఇదే అప్పు తీసివేత రాక అవస్థపడే పిల్లలకు వీడియోలు చూపించారు. టీచరు చేయడం చూసినవాళ్ళకన్నా తమ ఈడు పిల్లలు చేయడం చూసినవాళ్ళకే 'నాకూ వస్తుంది' అనే నమ్మకం ఎక్కువ కలిగింది, లెక్కలూ ఎక్కువ వచ్చాయి. 1987లో భిన్నాలతో ఇంకో మెట్టు ఎక్కారు. తడబాటు లేకుండా చేసేసిన పిల్లల్ని చూడడం కన్నా, మొదట తడబడి, రావట్లేదని అనుకుని, కాస్త కాస్తగా దారిన పడ్డ పిల్లల్ని చూడడమే ఎక్కువ ఉపకరించింది. బండూరా 1977 నుంచి చెబుతూ వచ్చిన స్వీయసామర్థ్య నమ్మకానికి తిండి ఇక్కడ దొరుకుతుంది: తనలాంటివాడు గట్టెక్కడం కళ్ళారా చూడడంలో.

ఇప్పుడు ఫలితాల సీజన్లో మన కూడళ్ళలో కాలేజీలు కట్టే ర్యాంకర్ల ఫ్లెక్సీలు చూడండి. టీవీలోనైతే ర్యాంకులు ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని గుక్కతిప్పుకోకుండా చదువుతారు. వాళ్ళని చూసి మనవాడు నేర్చుకుంటాడని తల్లిదండ్రుల ఆశ. ఆ ఫొటోలో ర్యాంకు ఉంటుంది, దారి ఉండదు. ఆ పిల్లవాడు ఏ చాప్టర్ దగ్గర ఆగిపోయాడో, ఎలా బయటపడ్డాడో ఏ ఫ్లెక్సీ చెప్పదు. లెక్కల్లో నలభై దాటని కుర్రాడు దాన్ని చూసి నేర్చుకునేది ఒకటే, వాడు వేరే జాతి అని.

అంతకన్నా పెద్ద నష్టం ఆ కాలేజీల లోపల జరుగుతోంది. గ్రాండ్ టెస్ట్ అయిన ప్రతిసారీ మార్కులు చూసి సెక్షన్లు మారుస్తారు. కింది సెక్షన్లో కాస్త పుంజుకున్న కుర్రాడిని ఆ వారమే పైకి ఎక్కిస్తారు, అది వాడికి బహుమానం. నిన్నటిదాకా పక్క బెంచీలో తప్పులు చేస్తూ నేర్చుకున్నవాడు, మిగతావాళ్ళకు చూసి నేర్చుకోదగ్గ ఒకే ఒక్కడు, సరిగ్గా పనికొచ్చే వేళకి మెట్లెక్కి వెళ్ళిపోతాడు. ఇలా పదేపదే వడపోస్తూ, ఆ కింది సెక్షన్లో ఫలితాలు రావట్లేదని లెక్చరర్ మీద విసుక్కుంటారు. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళినప్పుడు ర్యాంకు సంగతి అడిగే ముందు, మా వాడి సెక్షన్లో పైకెళ్ళిన పిల్లలు మళ్ళీ ఎప్పుడైనా ఆ గదికి వచ్చి ఒక లెక్క చేసి చూపిస్తారా అని అడిగి చూడండి.