విద్యాలయమూ విహారస్థలమే

సెలవు దినాల్లో నగరవాసులు కుటుంబ సమేతంగా విహారానికి బయలుదేరడం పరిపాటి. దమ్మాయిగూడ, నాచారం, ఉప్పల్ ప్రాంతాలవారు గోల్కొండ కోటకో, జంతు ప్రదర్శనశాలకో వెళ్తారు. ఎంతో దూరం లేని ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని మాత్రం బస్సు కిటికీలోంచి చూసి సాగిపోతారు. చదివేవారికే గాని చూసేవారికి అక్కడ పనిలేదన్న భావమే ఇందుకు కారణం. ఈ భావం మారాలి.

స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ సముద్రతీరాన ఉన్న చిన్న పట్టణం. 1413లో నెలకొన్న అక్కడి విశ్వవిద్యాలయం ఆ దేశంలో అతి ప్రాచీనమైనది. శిథిలమైన కోటను, పెద్ద చర్చిని చూడవచ్చిన కుటుంబాలు కళాశాలలున్న వీధుల్లోనూ నడుస్తాయి. పిల్లలకు చదువుల లోకం ఆ నడకలోనే పరిచయమవుతుంది.

మన ఉస్మానియాకూ చూడదగిన చరిత్ర ఉంది. ఏడవ నిజాం కాలంలో, 1918లో, అది ఉర్దూ బోధనా భాషగా ఆరంభమైంది. ఉన్నత విద్య అంటే ఆంగ్లమే అనుకొనే రోజుల్లో దేశభాషలో శాస్త్రాలు బోధించడం సాహసమే. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం కోసం ఇద్దరు నిపుణులు దేశదేశాలు తిరిగి విద్యాలయ భవనాలను పరిశీలించి వచ్చారు. ప్రాచీన భారతీయ స్తంభాల తీరు, ఇస్లామీయ తోరణాల సొగసు ఆ గ్రానైటు కట్టడంలో కలిసిపోయాయి. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులు బహిష్కరణకు గురైనదీ ఈ విద్యాలయం నుంచే. హనుమాజీపేట అనే పల్లెలోని రైతుబిడ్డ సి. నారాయణరెడ్డి ఇక్కడే చదివి, ఇక్కడే ఆచార్యుడై, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం పొందారు.

సందర్శకుల వల్ల చదువుకు భంగం కలుగుతుందని కొందరి అభ్యంతరం. అది కాదనలేనిది. అయితే సెలవు రోజున, అనుమతి ఉన్నంతమేరకు, నిశ్శబ్దంగా చూసి వచ్చేవారి వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు. కావలసింది మర్యాద, నిషేధం కాదు.

తాతతండ్రులెవరూ కళాశాల మెట్లెక్కని ఇళ్లు నేటికీ ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంటి బిడ్డకు విశ్వవిద్యాలయం అనేది వినికిడి మాట మాత్రమే. తల్లిదండ్రుల చేయి పట్టుకొని ఒక్కసారి ఆ మెట్లెక్కితే, అది తాను చేరదగిన చోటని తోస్తుంది. ప్రవేశ పరీక్ష రాసే సామర్థ్యం పుస్తకాలు ఇస్తాయి. రాయాలన్న ధైర్యం ఇలాంటి పరిచయం ఇస్తుంది. ఒక్క సెలవు దినాన్ని అందుకు కేటాయించడం ఏ కుటుంబానికీ భారం కాదు.