ఖేసరి పప్పును గూర్చి ఒక మాట

మెదడులోని కణములు ఒకదాని కొకటి వార్త నంపుటకు గ్లుటమేటు అను ద్రవ్యమును వాడుకొనును. అది మితముగా నుండిననే జ్ఞాపకశక్తి. మితిమీరినచో కాల్షియము వెల్లువయై కణములోనికి చొచ్చి దానిని చంపును. 1969లో అమెరికా దేశస్థుడగు జాన్ ఓల్నీ ఎలుకపిల్లల మెదడులం దీ హానిని కనబఱచెను. అల్‌జైమర్ వ్యాధికి వాడు మెమాంటీను ఈ యుద్రేకమును కొంత తగ్గించు మందే.

అయినను మా తలంపు మందులకంటె పప్పుకుండవైపే పోవుచున్నది. ఖేసరి పప్పులో గ్లుటమేటును పోలిన విష మొకటి కలదు. 1964లో బెంగుళూరు విజ్ఞాన సంస్థయందు రావు, అడిగ, శర్మ గారలు దానిని వేఱుచేసి చూపిరి. అనావృష్టికి తాళి పండు పైరది. కావున కఱవులో బీదలకు మిగులున దదియే. నెలల తరబడి అదే తిన్నవారి కాళ్లు బిగిసి, కఱ్ఱ లేనిదే అడుగు సాగదయ్యెను. రీవా ప్రాంతమున కూలివాండ్రకు కూలిగా నీ గింజలనే కొలిచిరి!

1961లో దీని యమ్మకమును నిషేధించు నియమము వచ్చెను. కూలి మార్చక అంగడిని మాత్రము మూసిన నేమి లాభమని మే మడుగుదుము. వేడినీట నానబెట్టి, ఆ నీటిని పాఱబోసినచో విషములో చాల భాగము పోవును, అంతయు పోదు. వంటింటి కీ సంగతి తెలియవలసినదే. కాని కఱవునాడు అంత నీరును, అన్ని కట్టెలును ఆ యింట నెక్కడివి?