గర్భంలోనే మొదలవుతున్న వెనుకబాటు

ముస్లిం సముదాయపు వెనుకబాటుతనం ప్రస్తావనకు వచ్చిన ప్రతిసారీ మన చర్చ చదువు, ఉద్యోగాలు, బ్యాంకు రుణాలు, రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తుల చుట్టూ తిరుగుతుంది. ఇవన్నీ అవసరమైన చర్చలే. అయితే బడి గడప తొక్కడానికి ఐదేళ్ల ముందే, ఇంకా చెప్పాలంటే లోకంలోకి రాకముందే, ఒక బిడ్డ వెనుకబడిపోయే స్థితి ఉంది. నెలలు నిండినా రెండు కిలోలకు మించని బరువుతో పుట్టిన పసికందును చూసి, "చిన్నప్రాణం, నసీబు" అని నిట్టూర్చి ఊరుకోవడం మన బస్తీలలో అలవాటైపోయింది. ఈ నసీబులో మనుషుల పాలు ఎంతో, ప్రభుత్వాల పాలు ఎంతో విడదీసి చూడవలసిన సమయం ఎప్పుడో వచ్చింది.

రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన శిశువును తక్కువ బరువు శిశువుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది. వీరిలో కొందరు నెలలు నిండకుండా పుట్టినవారు. మరికొందరు నెలలు నిండినా గర్భంలో ఎదగవలసినంత ఎదగనివారు. ఈ రెండవ రకాన్నే వైద్యులు గర్భస్థ శిశువు ఎదుగుదల కుంటుపడటంగా చెబుతారు. తల్లిదండ్రుల పోలిక వల్ల చిన్నగా ఉండి ఆరోగ్యంగా పుట్టే బిడ్డలూ లేకపోలేదు. కాబట్టి బరువు తక్కువైన ప్రతి బిడ్డా రోగి కాడు. అందిరావలసింది అందక ఎదుగుదల ఆగిపోయిన బిడ్డ గురించే మన ఆందోళన.

అందించేది మాయ. తల్లి రక్తంలోని ప్రాణవాయువు, ఆహారం మాయ ద్వారానే బొడ్డుతాడులోకి, అక్కడినుండి బిడ్డకు చేరుతాయి. తల్లికి రక్తపోటు పెరిగినా, మాయ సరిగా నాటుకోకపోయినా, తల్లి రక్తమే పలుచబడిపోయినా ఈ సరఫరా తగ్గుతుంది. అప్పుడు గర్భస్థ శిశువు ఉన్నంతలో మెదడుకే ఎక్కువ రక్తం పంపుకుంటుంది. పొట్ట, కాలేయం, కండలు నష్టపోతాయి. తల మామూలుగా ఉండి ఒళ్లు ఎండిపోయినట్లు కనిపించే శిశువులు చాలావరకు ఇలా పుట్టినవారే. ఇరవై ఎనిమిదవ వారానికి సుమారు కిలో బరువుండే బిడ్డ నలభయ్యవ వారానికి మూడు కిలోలకు చేరాలి. అంటే బరువులో మూడింట రెండు వంతులు చివరి మూడు నెలల్లోనే వస్తుంది. కాన్పు కష్టమవుతుందనే భయంతో కోడలికి తిండి తగ్గించే అత్తగార్లు సరిగ్గా ఆ నెలల్లోనే తగ్గిస్తారు! గర్భిణికి రోజుకు అదనంగా 350 కిలోకేలరీలు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, ఒక రొట్టెతో తీరిపోయే అవసరమిది.

గర్భం దాల్చిన తరువాత తినడం ఒక్కటే సరిపోదు. పదిహేడేళ్లకే నికాహ్ జరిగిన పిల్ల తన శరీరం ఎదగడం పూర్తికాకముందే కడుపులోని బిడ్డతో ఆహారం పంచుకోవలసి వస్తుంది. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం లేనప్పుడు తల్లి కోల్పోయిన నిల్వలు తిరిగి చేరవు. దేశంలో గర్భిణులలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఇందుకు మినహాయింపు కాదు. ప్రభుత్వం ఇచ్చే 180 ఇనుము మాత్రలు చాలా ఇళ్లలో అలమారాలోనే ఉండిపోతాయి. వేసుకున్నవారు కూడా వెంటనే చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. చాయ్‌కీ మాత్రకూ మధ్య గంటో రెండు గంటలో వ్యవధి ఉండాలన్న చిన్న మాట చెప్పే ఓపిక ఆసుపత్రి వరుసలో ఎవరికీ ఉండదు. మేనరికపు సంబంధాలలో శిశువు బరువు కొంత తగ్గవచ్చునని పరిశోధనలు చెబుతున్నాయి. ఇది దక్షిణాదిలో అన్ని మతాలవారిలోనూ ఉన్న ఆచారమే గనుక, దీనిని ముస్లింల నెత్తిన మాత్రమే రుద్దడం న్యాయం కాదు.

ఇక పొగాకు. గర్భస్థ శిశువు ఎదుగుదలను కుంటుపరచే కారణాలలో పొగాకు గురించి వైద్యలోకంలో సందేహమే లేదు. నికోటిన్ మాయలోని రక్తనాళాలను కుదించివేస్తుంది. మన స్త్రీలు సిగరెట్లు తాగరు కాబట్టి ఇది మన సమస్య కాదనుకోవడం పొరపాటు. జర్దా పాన్, గుట్కా నమలడం ఉంది. భర్త గదిలో కాల్చే బీడీ పొగ ఉంది. వీటన్నిటికంటే పెద్దది, బీడీ పరిశ్రమ ఉంది. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాలలో వేలాది పేద ముస్లిం కుటుంబాలకు ఇల్లాలు చుట్టే బీడీలే ఆధారం. పక్కింటి పద్మశాలి అక్కయ్యదీ అదే బతుకు. ఒడిలో చాట, చాటలో తునికాకు, పొగాకు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క కాబట్టి నెలలు నిండిన స్త్రీ కూడా నడుము వాల్చదు. ఆ పొగాకు ధూళి ఊపిరితో లోపలికి వెళుతుంది, నికోటిన్ చర్మం గుండా కూడా ఇంకుతుంది. రాత్రి అదే గదిలో పొగాకు సంచి పక్కనే పడక. బీడీ, సిగార్ కార్మికుల కోసం 1966లో చేసిన చట్టం ప్రసూతి ప్రయోజన చట్టాన్ని ఈ పరిశ్రమకు వర్తింపజేసింది. కానీ ఇంటి దగ్గర చుట్టే స్త్రీ పేరు కంపెనీ పుస్తకంలో ఉంటేనే కదా హక్కు అడిగేది! చాలామంది అత్తగారి కార్డు మీద, వదినగారి కార్డు మీద బీడీలు అప్పగిస్తారు. గర్భిణికి ఆ కొద్ది నెలలైనా వేతనంతో కూడిన విశ్రాంతి దక్కాలంటే ముందుగా ఆమె పేరు కాగితం మీదికి రావాలి. బీడీ సంఘాలు కూలిరేటు కోసం చేసినన్ని ధర్నాలు దీనికోసం చేయలేదని చెప్పక తప్పదు.

రంజాన్ విషయం కూడా స్పష్టంగా చెప్పుకుందాం. గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ ఉపవాసం నుండి సడలింపు ఉన్నదని దైవప్రవక్త (సఅసం) హదీసు ద్వారా మనకు తెలుసు. ఉపవాసం వల్ల శిశువు బరువు తగ్గుతుందా అన్న విషయంలో పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు. కొన్నింటిలో స్వల్పంగా తగ్గినట్లు, మరికొన్నింటిలో తేడా లేనట్లు తేలింది. ఆరోగ్యవంతురాలైన స్త్రీ సంగతి అటుంచి, బిడ్డ ఎదుగుదల లేదని డాక్టరు చెప్పిన స్త్రీ, మధుమేహమో రక్తహీనతో ఉన్న స్త్రీ, ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని ఉపవాసం పాటించడం ధర్మం కోరేది కాదు. తరువాత వాటిని పూర్తిచేసుకునే పద్ధతిని ఉలమాలు చెబుతారు. ఈ మాటను జుమా ప్రసంగంలో ఇమామ్‌లు చెబితే మగవారి చెవిన కూడా పడుతుంది.

తక్కువ బరువు నష్టం బాల్యంతో తీరిపోదు. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో 1911 నుండి నర్సులు ఇంటింటికీ తిరిగి ప్రతి శిశువు పుట్టిన బరువును, ఏడాది నాటి బరువును దస్త్రాలలో రాసిపెట్టారు. దశాబ్దాల తరువాత డేవిడ్ బార్కర్ బృందం ఆ దస్త్రాలను దుమ్ము దులిపి, ఆ శిశువులు పెద్దవారై దేనితో మరణించారో పోల్చి చూసింది. తక్కువ బరువుతో పుట్టి, ఏడాదికి కూడా బరువు పుంజుకోని మగవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువగా ఉన్నాయని 1989లో ప్రకటించింది. ఉద్యోగకాలమంతా రిజిస్టర్ల మధ్య గడిపిన ఈ రచయితకు, ఎవరో నర్సు శ్రద్ధగా నింపిన ఒక గడి డెబ్బై ఏళ్ల తరువాత ఇంత పలకడం అబ్బురమనిపిస్తుంది. మన దగ్గరి దృష్టాంతం ఇంకా ఆశాజనకమైనది. 1987-90 మధ్య హైదరాబాదు సమీప గ్రామాలలో కొన్నింటిలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది, కొన్నింటిలో అందలేదు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు వారిని మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు, వారి రక్తనాళాలు మరింత మృదువుగా ఉన్నాయి, మధుమేహానికి దారితీసే లక్షణాలు తక్కువగా ఉన్నాయి. ఖర్చు చూస్తే గిన్నెడు ఆహారం.

మన గర్భిణుల చేతిలోని తల్లీబిడ్డల రక్షణ కార్డులో కూడా గడులున్నాయి. బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్, పొట్ట ఎత్తు అన్నీ రాయాలి. కొలత టేపుతో గర్భాశయం ఎత్తు చూడటానికి అర నిమిషం చాలు. ఇరవైనాలుగు వారాల తరువాత వారాల సంఖ్యకూ సెంటీమీటర్లకూ దాదాపు సరిపోవాలి. మూడు సెంటీమీటర్లు తగ్గితే స్కానింగుకు పంపాలి, అవసరమైతే బొడ్డుతాడులో రక్తప్రవాహాన్ని డాప్లర్‌తో చూడాలి. బస్తీలో మేము చూసిన కార్డులలో ఎక్కువగా ఖాళీగా కనిపించింది ఈ గడే. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచిత వైద్య పరీక్షలు 2016 నుండి జరుగుతున్నాయి. అక్కడికి వెళ్లిన ఆడపిల్ల "పొట్ట కొలిచి రాయండి మేడమ్" అని అడగడం అమర్యాద కాదు. రక్తపోటు వల్లనో, మాయ లోపం వల్లనో బిడ్డ ఎదగనప్పుడు తల్లి తప్పేమీ ఉండదన్న సంగతి కూడా ఆ ఇంట్లోవారికి తెలియాలి. సమయానికి గుర్తిస్తే సరైన వారంలో కాన్పు చేసి బిడ్డను కాపాడుకోవచ్చు.

ప్రభుత్వాల పాలు చూద్దాం. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం గర్భిణికీ బాలింతకూ అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనాన్ని, ఆరు వేలకు తగ్గని ప్రసూతి సాయాన్ని హక్కుగా ఇచ్చింది. అందులో ఎన్నవ కాన్పు అన్న నిబంధన లేదు. కేంద్ర మాతృవందన పథకం మాత్రం మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండవసారి ఆడపిల్ల పుడితే 6,000 ఇచ్చి అంతటితో ఆపింది. మూడవ బిడ్డను మోస్తున్న తల్లికే ఒంట్లో నిల్వలు తక్కువ, పథకంలో ఆమెకే చోటు లేదు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కేంద్రంలోనే తినిపించాలన్న నియమం ఉంది. ఇంటికి తెచ్చిన గుడ్డు నలుగురు పిల్లల మధ్య పంచబడుతుంది గనుక ఆ నియమం మంచిదే. కానీ కేంద్రం రెండు వీధులవతల ఉంటే పర్దా పాటించే కోడలు రోజూ వెళ్లదు, బీడీలు చుట్టే స్త్రీకి గంట పోతే కూలి పోతుంది. అందుచేత కేంద్రం బస్తీ లోపలే ఉండాలని మనం అడగాలి.

అడగడానికి ఆధారం ఉంది. అంగన్‌వాడీ లేని మురికివాడలోగాని, పల్లెలోగాని ఆరేళ్లలోపు పిల్లలు నలభైమంది ఉంటే, కోరిన నాటినుండి మూడు నెలలలోగా కేంద్రం తెరవాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. అదే ఏడాది ప్రకటించిన ప్రధానమంత్రి 15 అంశాల కార్యక్రమంలో మొదటి అంశమే, మైనారిటీలు అధికంగా ఉన్న ప్రాంతాలలో ఈ కేంద్రాల ఏర్పాటు. మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఒక ఆదివారం బస్తీ తిరిగితే నలభైమంది పిల్లల పేర్లు, వయసు, ఇంటి నెంబరు, గర్భిణుల సంఖ్య ఒక కాగితం మీదికి వస్తాయి. అర్జీ ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి పేర రాయాలి, ప్రతి ఒకటి జిల్లా కలెక్టరుకు పంపాలి. కోర్టు ఆదేశపు తేదీని మొదటి పేరాలోనే ఉదహరించాలి. మరొక ప్రతి మీద కార్యాలయపు ముద్ర, తేదీ వేయించుకుని దగ్గర ఉంచుకోవాలి. మూడు నెలల గడువు ఆ తేదీ నుండే లెక్కకు వస్తుంది.