దూరపు కొండలు నునుపు

ఈ శీతకాలం షిగా కోగెన్‌కు పోవాలని టోక్యోలోని మా మిత్రబృందం నిశ్చయించుకుంది. నన్నూ ఆదరంతో పిలిచి, ప్రయాణ ప్రణాళికను పంపింది. పట్టిక ముచ్చటగా ఉంది. రంగులద్దారు, గళ్లు గీశారు. రెండు రోజులు, పద్దెనిమిది స్కీ మైదానాలు, ఒక్కొక్కదానికి ఇన్నేసి నిమిషాలు. వెళ్లేది తొమ్మిదిమందిమి. అందులో ఏడుగురు ఇంతవరకు కాలికి స్కీ తొడిగినవారు కారు. ఆవకాయ సీసా ఎవరు తేవాలో ఆ పట్టికలో ఉంది. స్కీ ఎవరి దగ్గర నేర్చుకోవాలో మాత్రం లేదు.

నా అసమ్మతిని ఫోనులో చెబితే "నీదంతా చాదస్తం" అని నవ్వేశారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మాట కటువుగా తోస్తే మన్నించండి. యథార్థవాది లోకవిరోధి అని పెద్దలు ఊరకే అనలేదు.

ఆ చోటు ఎరుగనివారికోసం ముందు కొంత పరిచయం. షిగా కోగెన్ నగానో ప్రాంతంలోని ఎత్తయిన కొండసీమ. జపానుభాషలో కోగెన్ అంటే పీఠభూమి. సైబీరియానుండి వచ్చే చలిగాలులు జపాను సముద్రం దాటేటప్పుడు తేమను మూటగట్టుకొని, ఎదురైన కొండలమీద మంచుగా కుమ్మరిస్తాయి. ఎత్తువల్ల, చలివల్ల అక్కడి మంచు బియ్యప్పిండిలా పొడిపొడిగా ఉంటుంది. అక్కడి యోకోతేయామా శిఖరం ఎత్తు 2,307 మీటర్లు. లిఫ్టుమీద చేరుకోగల స్కీ స్థలాలలో జపానులో అంతకంటె ఎత్తయినది లేదు. 1998 శీతకాలపు ఒలింపిక్సులో జయంట్ స్లాలం పందేలు హిగాషిదతేయామా మీద, స్లాలం పందేలు యాకెబితాయామా మీద జరిగాయి. రెండూ ఈ సీమలోనివే. పద్దెనిమిది మైదానాలు, అన్నింటికీ ఒకే టికెట్టు అన్నది చాలాకాలంగా ఈ చోటికి ఉన్న ప్రసిద్ధి. టోక్యోనుండి షింకన్సెన్‌లో దాదాపు గంటన్నరలో నగానో చేరి, అక్కడ బస్సెక్కితే గంటకు పైచిలుకు ప్రయాణం.

ఇంత పెద్దది గనుకనే మావాళ్లకు అంత ఆశ. ఇంత పెద్దది గనుకనే నాకు అంత భయం. నేను చెప్పదలచినది ఒక్కటే: స్కీ యాత్రకు ప్రణాళిక వేయవలసినది కొండ విస్తీర్ణాన్ని బట్టి కాదు, జట్టులో అందరికంటె తక్కువ తెలిసినవాని కాళ్లను బట్టి.

మావాళ్ల మొదటి వాదన డబ్బును గురించినది. "అన్ని మైదానాలకూ చెల్లే టికెట్టు కొంటున్నాం. నాలుగే తిరిగి వస్తే మిగిలిన పద్నాలుగింటి సొమ్ము దండుగే కదా?" అంటారు. పెళ్లివిందులో ముప్పైరకాలు వడ్డించారని ముప్పైరకాలూ తిన్నవాడికి గిట్టుబాటయ్యేది అజీర్ణమే. అదీగాక, పటంలో ఒకదానినొకటి ఒరుసుకొని కనిపించే మైదానాలు కాళ్లకింద అలా ఉండవు. వాటిని కలిపే దారులు కొన్నిచోట్ల ఇరుకు, కొన్నిచోట్ల చదును. చదునుమీద కర్రలతో నెట్టుకొంటూ పోవాలి. ఇరుకులో ఆగడం చేతకాకపోతే ముందున్నవారిని గుద్దాలి. కుమనోయు, యోకోతేయామాలవైపు పోవాలంటే స్కీమీద పోయే దారే లేదు, బస్సెక్కవలసిందే. కొత్తవాళ్లతో ఈ పద్దెనిమిదీ తిరగబోయిన జట్టు దినమంతా గడిపేది వాలుమీద కాదు, దారులమీద.

ఇక కాలం సంగతి. లిఫ్టులు చాలావరకు సాయంకాలం నాలుగు, నాలుగున్నరకు ఆగిపోతాయి. గాలి ముదిరితే మధ్యాహ్నమైనా ఆపేస్తారు. అప్పుడు మన బస ఒక కొండ అవతల, మనం ఇంకొక కొండ ఇవతల. మైదానాల నడుమ తిరిగే బస్సులు ఉన్నమాట నిజమే, కాని ఆఖరి బస్సు మన పట్టిక చూసుకొని బయలుదేరదు. దాన్ని అందుకోవాలన్న తొందరలో, అలసిన కాళ్లతో, నీడలు పరచుకొని గట్టిపడుతున్న మంచుమీద ఆఖరిసారి దిగే ఆ దిగుడే చేటు తెచ్చేది. ఆ తొందరను మనం ఇంటినుండే గళ్లు గీసి తీసుకుపోతున్నాం.

రెండవ వాదన పాఠాన్ని గురించినది. "పాఠానికి అంత సొమ్ము ఎందుకు? వీడియోలు చూశాం. పిల్లలు సైతం రెండు గంటలలో నేర్చుకుంటారట" అంటారు. దీనినే మన పెద్దలు నేల విడిచి సాము అన్నారు. జపానులో స్కీ ఎలా మొదలైందో చూడండి. థియొడోర్ ఫాన్ లెర్చ్ అనే ఆస్ట్రియా సైనికాధికారి 1911 జనవరి 12న నీగాతా ప్రాంతంలోని తకదాలో అక్కడి సైనికులకు స్కీ నేర్పాడు. ఆ దేశపు స్కీ చరిత్రకు తొలిరోజుగా చెప్పుకొనేది ఒక పోటీ జరిగిన రోజు కాదు, ఒక పాఠం జరిగిన రోజు. నేటికీ జపాను స్కీ సంఘం ఐదవ శ్రేణినుండి మొదటి శ్రేణివరకు పరీక్షలు పెడుతుంది. తలనెరసినవారు కూడా వాటికి కూర్చుంటారు. నూరేళ్లకు పైబడి మంచుమీద బతికినవారు పాఠం కావాలంటుంటే, మంచు ముఖం చూడని మనం వద్దంటున్నాం!

మొదటి పాఠంలో ఏం చెబుతారని మీరడగవచ్చు. దెబ్బ తగలకుండా పడడం, పడ్డాక లేవడం, స్కీల ముక్కులు దగ్గరగా తోకలు ఎడంగా ఉంచి త్రికోణంలా పెట్టి ఆగడం. అంతే. ఆ "ఆగడం" అన్నదానిలోనే ధర్మమంతా ఉంది. అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన పది నడవడి నియమాలలో ఒకటి ముందున్నవాని రక్షణ వెనుకనుండి వచ్చేవాని బాధ్యత అంటుంది. ఆగడం రానివాడు ఆ నియమాన్ని పాటించలేడు. మీ మోకాలు మీ ఇష్టం. కింద నిలుచున్న పరాయివారి పిల్లవాడి నడుము మీ ఇష్టం కాదు.

ఇంతగా ఎందుకు కటువవుతున్నానో చెప్పాలి. ఇది చెప్పకుండా పై మాటలన్నీ చెప్పే అర్హత నాకు లేదు.

ఆరేళ్ల కిందట, ఇదే దేశంలో వేరొక కొండకు మా బావమరిదిని తీసుకుపోయాను. బెజవాడనుండి పదిరోజుల సెలవుమీద వచ్చాడు. అద్దెకు స్కీలిచ్చేచోట ఒక కాగితం ఇచ్చారు. ఎత్తు, బరువు, వయసు, చివరన నైపుణ్యం: కొత్త, మధ్యమం, నిపుణత అని మూడు గళ్లు. అతనికి జపానుభాష రాదు గనుక నేను నింపాను. మా వెనుక నాతో పనిచేసే ఇద్దరు నిలబడి ఉన్నారు. మా ఇంటివాడు బొత్తిగా కొత్త అనిపించుకోవడం నాకు నామోషీగా తోచింది. మధ్యమం గడిలో టిక్కు పెట్టాను.

ఆ గడి మర్యాదకోసం పెట్టినది కాదు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగు ఎంత బలానికి వదలాలో నిర్ణయించేది ఆ కాగితమే. బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, నైపుణ్యం చూసి దానిని బిగిస్తారు. కొత్తవాడికి కొంచెం వదులుగా పెడతారు. నెమ్మదిగా పడ్డా స్కీ ఊడి, కాలు మెలిపడకుండా బయటపడుతుంది. వేగంగా పోయేవాడికి నడుమ ఊడిపోకుండా గట్టిగా బిగిస్తారు. అంటే అక్కడ మనం రాసే గొప్ప ప్రతిదీ మన ఎముకమీద ఒక చుట్టు బిగింపు.

మధ్యాహ్నం, టికెట్టు సొమ్ము గిట్టాలనే యావతో, అతన్ని ఆకుపచ్చ గుర్తు వాలునుండి ఎరుపు గుర్తు వాలుకు తీసుకుపోయాను. పెద్ద వేగం ఏమీ లేదు. మలుపులో స్కీ మంచులో గుచ్చుకొని నిలిచిపోయింది, మనిషి తిరిగాడు. స్కీ ఊడలేదు. మోకాలికి కింద ఎముక మెలితిరిగి విరిగింది. రక్షణ సిబ్బంది జారుడుబండిమీద పడుకోబెట్టి దించుతుంటే నేను పక్కన దిగుతూ వచ్చాను. దారిపొడవునా అతను నన్ను ఓదార్చాడు! ఆ రాత్రి ఆసుపత్రిలో మా ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే తేలికపడేవాణ్ణి.

నేను పెట్టిన టిక్కే కారణమని ఏ వైద్యుడూ చెప్పలేదు. కాదని నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను. కొండది తప్పు కాదు, స్కీలిచ్చినవారిది అంతకన్నా కాదు. కలం పట్టినది నేను. అతను ఇప్పుడు బాగానే నడుస్తాడు, చలిరోజులలో మాత్రం ఆ కాలు పట్టుకుంటుంది. పోయిన నెల ఫోనులో "బావగారూ, మళ్లీ ఎప్పుడు తీసుకుపోతారు? ఈసారి కాగితం నేనే నింపుకొంటాలెండి" అన్నాడు. నవ్వాననుకున్నాడు.

మూడవ వాదన వీరులది. "పడకుండా ఎవరు నేర్చారు? హెర్మన్ మేయర్‌ను చూడు" అంటాడు మా బృందంలో ఒక చరిత్రజ్ఞుడు. నిజమే. 1998లో హకుబాలో డౌన్‌హిల్ పందెంలో ఆ ఆస్ట్రియావాడు గాలిలోకి లేచి, కంచెలను తెంచుకొని పడ్డాడు. కొద్దిరోజులకే సూపర్ జీలోనూ, ఇదే షిగా కోగెన్‌లో జయంట్ స్లాలంలోనూ బంగారు పతకాలు గెలిచాడు. అయితే ఆయన చిన్ననాటినుండి మంచుమీద పెరిగినవాడు. ఆయన పాటు ఒక విద్యకు అంచున జరిగినది. మనది విద్యే లేనిచోట జరిగేది. అర్జునుడి గాయాన్ని చూపి ఉత్తరకుమారుణ్ణి యుద్ధానికి పంపుతారా?

విమర్శించి ఊరుకుంటే అది సగం పని. నా పట్టిక ఇది.

రెండు రోజులు కాదు, మూడు రోజులు. అంత వీలుకాకపోతే రెండురోజులూ ఒకేచోట. ఇచినోసె చుట్టుపక్కల బస చేస్తే నడిచిపోయే దూరంలోనే మెల్లని వాలులున్నాయి. ఏడుగురు కొత్తవారూ మొదటిరోజు ఉదయం పాఠానికి పోవాలి. ముందుగా మాట్లాడుకుంటే ఆంగ్లంలో చెప్పేవారు దొరుకుతారు. వారం ముందు తొందరపడితే దొరకరు. సొమ్ము మిగల్చదలిస్తే పాఠంలో కాదు, టికెట్టులో మిగల్చండి. సగంపూట టికెట్టుతో సరిపోయేవారు అన్ని కొండలకూ చెల్లే టికెట్టు ఎందుకు కొనాలి? బూట్లు ఎంచుకోవడానికి అరగంట కేటాయించండి. కాగితంలో ఉన్న బరువు రాయండి, ఉన్న వయసు రాయండి, "కొత్త" అని రాయండి. ఊరినుండి తల్లిదండ్రులో తమ్ముళ్లో వస్తుంటే, వారి ప్రయాణ బీమా స్కీ ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో చదవండి. మినహాయించేవి ఉన్నాయి. స్కీలున్న ఆ ఇద్దరూ వాటిని ముందే బసకు పంపవచ్చు. యమటోవారు 1983 నుండే స్కీలను చేరవేస్తున్నారు. నేర్పును ముందుగా పంపే సేవ మాత్రం ఇంకా ఎవరూ పెట్టలేదు.

మూడవరోజు స్కీ వద్దు. కొండదిగి జిగొకుదానిలో వేడినీటి మడుగులో కూర్చునే కోతులను చూడండి. షిబు వేడినీటి బుగ్గల ఊరిలో బసచేసేవారికి తొమ్మిది ఊరుమ్మడి స్నానశాలలు తెరిచి ఉంటాయి. తొమ్మిదింటిలోనూ మునిగి, చేతిగుడ్డమీద తొమ్మిది ముద్రలు వేయించుకోవడం అక్కడి ఆనవాయితీ. లెక్కపెట్టవలసిందే అనుకునేవారు అక్కడ లెక్కపెట్టండి. వేడినీటిలో మునిగితే ఎముక విరగదు.

మన ఊళ్లలో మంచు లేదు. మనకు అది సినిమాపాటలలో నాయికానాయకులు శాలువా కప్పుకొని తిరిగే చోటు. దూరపు కొండలు నునుపు అన్నాం గాని, దగ్గరకు పోయినా నునుపుగానే ఉండే కొండలుంటాయని మన సామెత ఎరగదు. అక్కడి ముప్పు ఆ నునుపే. ఎరగకపోవడం సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఎరగనని ఒక గడిలో టిక్కు పెట్టడానికి సిగ్గుపడడమే సిగ్గుచేటు. నేను పడ్డాను. వేరొకడు మూల్యం చెల్లించాడు.

ఈ మాట చదివాక మిత్రులు ఆ రంగుల పట్టికను మార్చితే తప్పక వస్తాను, ఆవకాయ సీసా నేనే తెస్తాను. మార్చకపోతే నేను రాను. ఇంతకంటె మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. మంచుసీమలలో ఉంటున్న మన బ్లాగరులు, స్కీ ఎరిగినవారు, నా మాటలో పొరపాటుంటే దిద్దండి. లేకుంటే మా మిత్రులకు మీరూ ఒక మాట చెప్పండి. నా ఒక్కడి మాట వారికి చాదస్తంగా తోస్తోంది.