గసగసాలు వేశావా?

పోయిన ఆదివారం మా పాప మొదటిసారి స్టీల్ గ్లాసుతో పాలు తాగింది. సగం గౌను మీద, కొంచెం నా టీషర్ట్ మీద, మిగిలింది కడుపులోకి. ఏడాది దాటిన ఏ పిల్లైనా చేసే పనే. కానీ ఆ గ్లాసు తన నోటి దాకా రావడానికి మా ఇంట్లో రెండు పేజీల లెక్కలు, మూడు డాక్టర్ అపాయింట్‌మెంట్లు, మా అమ్మతో ఒక పెద్ద గొడవ అయ్యాయి.

మా పాపకి సిస్టిక్ ఫైబ్రోసిస్. పేరు వినగానే చాలామంది ముందు ఫోన్ తీసి సెర్చ్ చేస్తారు. నేనూ అదే చేశాను. మీకు ఆ శ్రమ లేకుండా చెప్తాను. ఏడో క్రోమోజోమ్ మీద ఒక జన్యువు ఉంటుంది. ఒంట్లో కణాల లోపలికీ బయటికీ ఉప్పూ నీరూ సరిగ్గా కదలాలంటే అది పని చేయాలి. అది పాడైతే ఒంట్లో పల్చగా ఉండాల్సిన ద్రవాలన్నీ బంకలా తయారవుతాయి. ఊపిరితిత్తుల్లో బంక చేరితే దగ్గు, ఇన్ఫెక్షన్లు. క్లోమగ్రంథి గొట్టాల్లో చేరితే, తిన్నది అరిగించే ఎంజైములు పేగుల్లోకి రావు. అంటే పిల్ల తింటుంది, కానీ ఒంటికి పట్టదు. ముఖ్యంగా కొవ్వు.

నాకూ నా భార్యకూ ఏ జబ్బూ లేదు. ఇద్దరిలోనూ ఆ జన్యువు చెడ్డ కాపీ ఒక్కొక్కటి ఉందంతే. అలాంటి జంటకి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం. మాకు ఆ ఒక్కటే వచ్చింది.

ఉప్పటి ముద్దు

నాలుగు నెలల దాకా మాకు తెలీదు. డబ్బా పాలు ఎన్ని తాగినా బరువు పెరగదు. డైపర్ మారిస్తే నూనె తేలినట్టు జిడ్డు, భరించలేని వాసన. "ఇది తెల్లవాళ్ళ జబ్బు, మనకెందుకొస్తుంది" అన్న డాక్టరూ ఉన్నారు. మన దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష చేసే పద్ధతి లేదు కాబట్టి, అనుమానం వస్తే తప్ప ఎవరూ వెతకరు. ఒకరోజు నా భార్య, "దీన్ని ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటోంది, నువ్వు గమనించావా?" అంది. ఆ మాట ఇంకో డాక్టరుకి చెప్పగానే ఆయన చెమట పరీక్ష రాశారు. చెమటలో క్లోరైడ్ లీటరుకి 60 మిల్లీమోల్స్, ఆపైన ఉంటే ఈ జబ్బని అర్థం. మా పాపది అంతకంటే చాలా ఎక్కువే వచ్చింది.

ఈ ఉప్పు కథ వెనక ఒక ఎండాకాలం ఉంది. 1948 లో న్యూయార్క్‌లో వడగాడ్పులు వీచినప్పుడు, ఎండదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్ళు ఎక్కువగా ఉండటం అక్కడి డాక్టర్లు గమనించారు. పాల్ డి శాంట్ ఆగ్నీస్ అనే డాక్టర్ దాని వెంట పడి, వీళ్ళ చెమటలో ఉప్పు మామూలు కంటే ఎక్కువగా పోతోందని 1953 లో తేల్చారు. న్యూయార్క్ ఎండకే అలా అయితే, హైదరాబాద్ మే నెల సంగతి మీరే ఊహించుకోండి.

అమ్మ గెలిచింది

ఆరో నెలలో మా అమ్మ తెనాలి నుంచి ఉగ్గు గిన్నెతో దిగింది. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, దంచి, డబ్బాకి ఎత్తి మరీ తెచ్చింది. మొదటి రోజే గొడవ. అమ్మ ఉగ్గులో ఉప్పు వేసి, పైన చెంచాడు నెయ్యి వేసింది. ఏడాది దాకా ఉప్పూ చక్కెరా పెట్టకూడదని మేమిద్దరం నలభై వీడియోలు చూసి ఉన్నాం.

"అమ్మా, ఉప్పు వెయ్యకూడదు."

"ఉప్పు లేని ఉగ్గు నువ్వు తింటావేందిరా?"

తీర్పు కోసం డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన నవ్వి, "మామూలు పిల్లలకైతే మీరు చెప్పిందే రైట్. ఈ పిల్లకి మాత్రం మీ అమ్మగారిదే రైట్" అన్నారు. చెమటలో పోయే ఉప్పుని తిండిలో తిరిగి ఇవ్వాలి. అమెరికాలోని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ సూచన ప్రకారం, ఈ జబ్బున్న బిడ్డకి ఆరు నెలల దాకా రోజు మొత్తానికి చిన్న చెంచాలో ఎనిమిదో వంతు ఉప్పు, ఆ తర్వాత నాలుగో వంతు. మా డాక్టర్ మా పాప బరువూ మన ఎండలూ చూసి ఎంతో రాసిచ్చారు. నెయ్యి సంగతి అడగక్కర్లేదు. తక్కువ తిండిలో ఎక్కువ బలం కావాలి కాబట్టి అది ఉండాల్సిందే.

ఆ రోజు ఆటోలో మా అమ్మ ముఖం చూడాలి. ఇంటర్ రిజల్ట్స్ రోజు కూడా నేనంత వెలగలేదు.

నేను ఓడిపోయాను

అమ్మకి నచ్చనిది ఒక్కటే, ఎంజైములు. క్యాప్సూల్ విప్పితే లోపల గసగసాల్లాంటి సన్న గింజలు ఉంటాయి. ప్రతి సీసా పాలకి ముందు, ప్రతి ఉగ్గుకి ముందు, చెంచాలో కొంచెం యాపిల్ గుజ్జు తీసుకుని, దాని మీద లెక్క ప్రకారం గింజలు చల్లి తినిపించాలి. "ఇంత పసిదానికి రోజుకి ఆరేడు సార్లు మందేందిరా, వేడి చెయ్యదూ?" అని గొణిగేది. అది మందు కాదమ్మా, దాని ఒంట్లో తయారై కూడా పేగుల్లోకి రాలేకపోతున్నదే మనం బయటి నుంచి ఇస్తున్నాం అని చెప్పేవాణ్ణి.

అంత చెప్పిన నేనే తప్పు చేశాను. ఒక రాత్రి నా భార్య ఆఫీస్ కాల్‌లో ఉంది. పాప చెంచా ఉమ్మేస్తోంది. నాకొక తెలివైన ఐడియా వచ్చింది. గింజలన్నీ గోరువెచ్చని రాగి జావలో కలిపేశాను. సగం తాగి మిగతాది వదిలేసింది. రాత్రి రెండింటికి కడుపు ఉబ్బి, కాళ్ళు ముడుచుకుని ఒకటే ఏడుపు. పొద్దున డైపర్ చూస్తే పాత నూనె మళ్ళీ కనిపించింది.

డాక్టర్ చెప్పాక అర్థమైంది. ఆ గింజలకి పైన ఒక పూత ఉంటుంది. కడుపులోని ఆమ్లం ఎంజైముని చంపెయ్యకుండా కాపాడి, ఆమ్లం తగ్గిన పేగుల్లోకి వెళ్ళాకే కరగాలి. పాలల్లో ఆమ్లం చాలా తక్కువ. పాలు పోసిన జావలో వేస్తే పూత గిన్నెలోనే కరగడం మొదలెడుతుంది. యాపిల్ గుజ్జు పులుపు కాబట్టి పూత నిలుస్తుంది. దంచకూడదు, నమలనివ్వకూడదు, ముందే కలిపి ఉంచకూడదు. తిన్నాక చిగుళ్ళ మధ్య గింజ మిగిలితే నోరు పూస్తుంది కాబట్టి వేలితో చూడాలి. ఉద్యోగంలో రోజూ ఇంకొకరి కోడ్‌లో తప్పులు పట్టే నేను, డబ్బాలోని కాగితం చదవలేదు.

ప్యాకెట్ మీద నంబరు

ఏడాది నిండాక డబ్బా పాల నుంచి మామూలు పాలకి మారొచ్చన్నారు. వెన్న తీసినవి కాదు, చిక్కటివి. ఇక్కడే అసలు లెక్క. ఎంజైము మోతాదు పాలు ఎన్ని అన్నదాన్ని బట్టి కాదు, అందులో కొవ్వు ఎంత అన్నదాన్ని బట్టి. డబ్బా పాలల్లో 100 మిల్లీలీటర్లకి దాదాపు 3.5 గ్రాముల కొవ్వు. మన ప్యాకెట్లలో టోన్డ్ అయితే 3 శాతం, స్టాండర్డైజ్డ్ 4.5, ఫుల్ క్రీమ్ 6. అంటే అదే గ్లాసు, అన్నే గింజలు వేసి ఫుల్ క్రీమ్ పడితే కొవ్వు ఒకటిన్నర రెట్లు దాటిపోయింది, ఎంజైము అక్కడే ఉండిపోయింది. చిన్న చెంచా నెయ్యంటే ఇంకో 5 గ్రాములు. అరటిపండుకీ బొప్పాయికీ అయితే గింజలే అక్కర్లేదు.

అలాగని మనమే పెంచెయ్యకూడదు. రోజు మొత్తం మీద కిలో బరువుకి 10,000 లైపేజ్ యూనిట్లు దాటకూడదని పరిమితి ఉంది. మించితే పెద్దపేగుకే ప్రమాదం. అందుకే మేము ఒక పూట డబ్బా పాలు తీసేసి ఒక పూట మామూలు పాలు పెడుతూ, డైపర్ చూస్తూ, డైటీషియన్ చెప్పినట్టు గింజలు సర్దుకుంటూ, మూడు వారాల్లో మారాం. పాలు రోజుకి అర లీటరు మించనివ్వొద్దన్నారు. కడుపు పాలతోనే నిండితే అన్నం ఎవరు తింటారు?

ఇంకొక్క ముద్ద

ఇన్ని లెక్కలు వచ్చాక కూడా పదకొండో నెలలో పాప 50 గ్రాములు కూడా పెరగలేదు. నా ఎక్సెల్ షీట్‌లో ఎర్ర గడి. దాంతో నాకు పిచ్చి పట్టింది. ఫోన్లో పాటలు పెట్టి, ముక్కు ఆడించి, గంటంబావు కూర్చోబెట్టి "ఇంకొక్క ముద్ద, ఇంకొక్కటి" అంటూ కూరేవాణ్ణి. ఒకరోజు నేను చెంచా తియ్యగానే, అందులో ఏముందో కూడా చూడకుండా తను అటు తిరిగి రెండు చేతులతో మూతి మూసుకుంది. నా భార్య చెంచా లాక్కుని, "అది తినట్లేదు, నువ్వు భయపెడుతున్నావ్" అంది.

నిజమే. జబ్బుకి భయపడి, అన్నం అంటే తనకి భయం నేర్పుతున్నాను. డైటీషియన్ ఒకటే రూల్ పెట్టారు. గింజలు వేశాక ఇరవై నిమిషాలు, అందరితో కలిసి, ఫోన్ లేకుండా. తిన్నంత తిన్నట్టు. మిగిలింది మళ్ళీ రెండు గంటలకి.

మొదటి వారం నరకం. రెండో వారం తను నా కంచంలో చెయ్యి పెట్టింది. పప్పన్నం, నెయ్యి, నా ముద్ద. పోయిన చెకప్‌లో 8.1 కిలోలు. షీట్ ఇప్పటికీ ఉంది, కానీ వారానికొకసారే తెరుస్తున్నాను.

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ లేకపోతే ఈ ఉప్పు లెక్క మీకు కాదు, దయచేసి మీ పాపాయికి వెయ్యకండి. కానీ బరువు పెరగని బిడ్డ, జిడ్డు విరేచనం, తగ్గని దగ్గు, ఉప్పటి ముద్దు, ఇవన్నీ ఒకచోట కనిపిస్తే "చెమట పరీక్ష చేస్తారా?" అని అడగండి. మేం నాలుగు నెలలు పోగొట్టుకున్నాం.

అమ్మ తెనాలి వెళ్ళిపోయింది. రోజూ సరిగ్గా భోజనం టైముకి వీడియో కాల్ చేస్తుంది. ఇదివరకు ఎత్తగానే "తిన్నదా?" అనేది. ఇప్పుడు మొదటి మాట ఇదే:

"ఒరేయ్, గసగసాలు వేశావా?"