అరణ్యపర్వం ల్యాగట!

మా టీంలో ఇద్దరు ఫ్యాంటసీ నవలల పిచ్చోళ్లున్నారు. రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్' పదో భాగంలో కథ అంగుళం కదలదని వాళ్లే ఒప్పుకుంటారు, అయినా రెండేసిసార్లు చదువుతారు. అదేంటంటే వరల్డ్ బిల్డింగ్ అంటారు. మొన్న శంషాబాద్ నుంచి ఆఫీసు క్యాబ్‌లో వస్తుంటే నా చేతిలో కవిత్రయ భారతం చూసి అదే నోటితో ఓ సలహా పారేశారు. "అరణ్యపర్వం అంతా ల్యాగు రా, విరాటపర్వానికి పో. లేదా ఏఐతో సమ్మరీ చేయించుకో" అని. బీటెక్‌లో ఒకసారి చదివిందే, ఇప్పుడు ఔటర్ మీద రోజుకి పది పేజీలు చొప్పున మళ్లీ చదువుతున్నా. ఆ సలహాకి ఒళ్లు మండి ఈ గోల.

స్కిప్ చేస్తే ఏం పోతుందో చూద్దాం. పద్మవ్యూహం దగ్గర భీముడంతటివాణ్ణి సైంధవుడు ఎలా ఆపాడు? శివుడు వాడికిచ్చిన వరం కథ ఇక్కడుంది. కర్ణుడి కవచకుండలాలు పోయిందీ ఇక్కడే. జూదంలో ఆలిని కూడా ఒడ్డి ఓడినవాడు విరాటుడి కొలువులో కంకుభట్టుగా మళ్లీ పాచికలు పట్టే ధైర్యం ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు? నా అంత దౌర్భాగ్యుడు ఉన్నాడా అని ధర్మరాజు వాపోతే, బృహదశ్వుడు నలుడి కథ చెప్పి, పోతూపోతూ అక్షహృదయం నేర్పి వెళ్తాడు. మీరు ఫిల్లరనే నలోపాఖ్యానం పీకేస్తే తర్వాతి పర్వం బిల్డ్ అవదు బాబులూ!

తీర్థయాత్రల దగ్గర నాకూ నిద్రొచ్చింది, అబద్ధమెందుకు. సాగదీత అని భీముడే గోల పెట్టాడు. వ్యాసభారతంలో అడవికొచ్చి 13 నెలలయ్యేసరికి, నెలని ఏడాదిగా లెక్కేసుకుని యుద్ధానికి పోదాం అంటాడు. అచ్చం డెడ్‌లైన్ ముందుకి జరిపే మేనేజరే! మాట తప్పనంటాడు ధర్మరాజు, పైగా కర్ణుణ్ణి ఎలా గెలుస్తావో చెప్పమంటాడు. భీముడు నోరెత్తడు. అర్జునుడు పాశుపతం కోసం బయల్దేరేది ఆ తర్వాతే. (అంతకు ముందు ద్రౌపది అడిగినవాటికి మాత్రం ధర్మరాజు జవాబులు నాకు ఇప్పటికీ ఆనలేదు.)

ఇక సమ్మరీలో బొత్తిగా దొరకనిదొకటుంది. జోర్డాన్ 2007లో పోతే శాండర్సన్ 2013కల్లా సిరీస్ ముగించాడని మావాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. బానే ఉంది. 11వ శతాబ్దంలో నన్నయ ఇదే పర్వం నాలుగో ఆశ్వాసంలో శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మధ్యలో మిగిలింది 14వ శతాబ్దం దాకా అలాగే ఉండిపోయింది. అప్పుడు ఎర్రన వచ్చి శరత్కాలపు తెల్లవారుజాముతో అందుకున్నాడు! పైగా నన్నయ రాసినట్టే రాసి, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. మనం రెండు లైన్లు మార్చినా ఫైలు నెత్తిన పేరేసుకుంటాం.

పర్వం మొత్తం వద్దంటే ఆ నాలుగో ఆశ్వాసం ఒక్కటైనా తెరవండి. అతుకు ఎక్కడుందో పేజీ కింద నోట్స్ చూడకుండా పట్టుకోండి చూద్దాం.