దక్షిణం గుమ్మం, ఐదింటి బగ్గు

నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్న వారమే మా గరాజు తలుపుకి రోగం పట్టుకుంది. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేటప్పుడు బుద్ధిగా మూసుకుంటుంది. సాయంత్రం ఐదింటికి కారు లోపల పెట్టి రిమోట్ నొక్కితే మాత్రం జానెడు దిగి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ పైకెళ్ళిపోతుంది. పైన బల్బు టపటపా కొట్టుకుంటుంది. రాత్రి ఎనిమిదింటికి నొక్కితే మళ్ళీ మామూలే.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి అప్పటికి నెలయింది. "దక్షిణం గుమ్మం ఇల్లు కొనద్దురా అంటే విన్నావా?" అంది. (డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎగబడి కొనేచోట తూర్పు గుమ్మాలు ముందే అయిపోతాయి. మిగిలినవాటిలో ఒకటి మాది.) నేను నవ్వేశాను. పదిహేనేళ్ళుగా బగ్గులు పట్టుకుని బతుకుతున్నవాడికి వాస్తు చెప్తుందేమిటి అని.

మెకానిక్కుని పిలిస్తే మిట్టమధ్యాహ్నం వచ్చాడు. నాలుగుసార్లు నొక్కాడు, నాలుగుసార్లూ చక్కగా మూసుకుంది. "పాతదైపోయింది, కొత్త ఓపెనర్ వేయించుకో, 650 డాలర్లు" అన్నాడు. మనం టెస్టర్లతో "నా మెషీన్ మీద పనిచేస్తోందే" అన్నప్పుడు వాళ్ళకెలా ఉంటుందో ఆరోజు తెలిసింది :)

తర్వాత నేను చేసిన వెధవపని ఇది. ఆఫీసులో ఒక మిత్రుడికి చెప్పుకుంటే, "గురూ, కింద రెండు సెన్సర్లుంటాయి చూడు. ఊడబీకి రెంటినీ ఎదురెదురుగా పెట్టి పైన మోటారు దగ్గర టేపేసి కట్టెయ్. జన్మలో ఇంక సమస్య రాదు" అన్నాడు. అరగంట పని. నిజంగానే సమస్య పోయింది. పదకొండు రోజులు నా తెలివికి నేనే మురిసిపోయాను.

పన్నెండో రోజు మా చిన్నది, ఐదేళ్ళది, గోడ మీద మీట నొక్కి, తలుపు దిగుతుంటే కింద నుంచి బయటికి పరిగెత్తింది. అది కొత్తగా కనిపెట్టిన ఆటేం కాదు. రోజూ నేను చేసేదే: మీట నొక్కడం, వంగి దూకడం. దాని చక్రాల స్కూలు బ్యాగు గుమ్మంలో పడిపోయింది. దానికోసం వెనక్కి తిరిగింది. అమ్మ అరిచిన అరుపు నాకింకా వినిపిస్తూనే ఉంది. రెక్క పట్టి లాగేసింది. తలుపు బ్యాగు మీద కూర్చుని, లంచ్ బాక్సు మూత చితికాక గానీ వెనక్కి వెళ్ళలేదు.

రాత్రి నిద్రపట్టక మొదటిసారి మాన్యువల్ తీశాను. ఆ సెన్సర్లు ఎవరో కంపెనీవాడు సరదాకి పెట్టినవి కావు. ఈ తలుపుల కింద పిల్లలు నలిగి చనిపోయాక అమెరికా కాంగ్రెస్ 1990లో చట్టం చేసింది. 1993 జనవరి నుంచి ఇక్కడ అమ్మకానికి తయారయ్యే ఇళ్ళ ఓపెనర్లకి, దేనికైనా తగిలితే వెనక్కి వెళ్ళడం ఒక్కటే చాలదు, ఇలాంటి రెండో కాపలా కూడా ఉండాలి. నేలకి ఆరంగుళాలు మించకుండా పెట్టమంటారు. పాకే పిల్ల కూడా అడ్డం తగలాలి కదా! నేను దాన్ని తీసుకెళ్ళి తొమ్మిదడుగుల ఎత్తున కట్టాను.

మర్నాడు ఎక్కడివక్కడ బిగించి, సరిగ్గా ఐదింటికి గరాజులో నేల మీద కూర్చున్నాను. ఒక సెన్సర్ కిరణం పంపేది, రెండోది అందుకునేది. పంపేదాని దీపం నిక్షేపంగా వెలుగుతోంది. అందుకునేదాని దీపం ఆరిపోయి ఉంది. దాని ముందు అరచెయ్యి పెట్టి ఎండ అడ్డాను, కిరణానికి తగలకుండా. వెలిగింది! చెయ్యి తీస్తే ఆరింది.

బగ్గు సూర్యుడు. మా గరాజు దక్షిణానికి తెరుచుకుంటుంది. అందుకునే సెన్సర్ తూర్పువైపు గోడకుంది, అంటే పడమటికి చూస్తుంది. చలికాలంలో సూర్యుడు నైరుతిలో అస్తమిస్తాడు. ఐదింటికి బాగా వాలిపోయి సరిగ్గా దాని కంట్లో కొడతాడు. ఎండాకాలంలో సాయంత్రానికి వాయవ్యం వైపుకి పోతాడు కాబట్టి గడప తొక్కడు. ఎనిమిదింటికి చీకటి. మధ్యాహ్నం మెకానిక్కుకి దొరక్కపోవడంలో అతని తప్పేం లేదు (650 మాత్రం తప్పే). సెన్సర్లు రెంటినీ అటుదిటు, ఇటుదటు మార్చేశాను. ఇప్పుడు అందుకునేది తూర్పుకి చూస్తుంది, ఎండ దాని వీపుకి తగులుతుంది. ఖర్చు సున్నా.

మిగతా రోగాలు చాలామటుకు ఇంతకన్నా తేలిక. రిమోట్ దగ్గరికొస్తే గానీ పనిచెయ్యకపోతే, బ్యాటరీ తర్వాత అనుమానించాల్సింది ఓపెనర్లో ఈమధ్య పెట్టిన ఎల్ఈడీ బల్బుని. కొన్ని చవకవి రేడియో రొద చేస్తాయి. బల్బు తీసి చూస్తే తేలిపోతుంది. గోడ మీట పనిచేసి రిమోట్లేవీ పనిచెయ్యకపోతే ఎవరో లాక్ మీట నొక్కి ఉంటారు. మా ఇంట్లో ఆ ఎవరో నేనే.

స్ప్రింగు జోలికి మాత్రం వెళ్ళకండి. తలుపుని ఎత్తేది మోటారనుకుంటాం, కాదు. బరువంతా మోసేది తలుపు పైనున్న స్ప్రింగు, మోటారు ఊతమిస్తుందంతే. తలుపు మూసి ఉన్నప్పుడు ఎర్ర తాడు లాగి, చేత్తో సగం దాకా ఎత్తి వదిలితే అక్కడే నిలబడాలి. చేతికి బరువుగా తగిలినా, జారినా అక్కడితో ఆపి మనిషిని పిలవండి. మామూలు స్ప్రింగు పదివేల సార్లకని లెక్క. రోజుకి నాలుగుసార్లు వేసుకుంటే ఏడేళ్ళు కూడా రాదు. అది తెగితే, లేదా తెలీక విప్పితే చేతులు విరుగుతాయి. నేను డబ్బులిచ్చి చేయించుకునే పని అదొక్కటే, అందులో సిగ్గేం లేదు.

నా బాధ అసలు తలుపు గురించి కాదు. ఆ సెన్సర్ నాకు రోజూ సాయంత్రం ఒక ఎర్రర్ మెసేజ్ ఇచ్చింది. నేను దాన్ని చదవలేదు, నోరు మూయించాను. ఆఫీసులో అంతకు ముందు వారమే, రిలీజ్ ముందు అప్పుడప్పుడూ ఫెయిలవుతున్న ఒక టెస్టుని కామెంట్ చేసేసి "తర్వాత చూద్దాం" అని రాసిన కుర్రాణ్ణి అందరిముందూ చీల్చి చెండాడాను. అతనికి ఈ కథ చెప్పి సారీ చెప్పాను. టెస్టు మాత్రం మళ్ళీ పెట్టించాను. దానికీ కారణం దొరికింది, టైం జోనే. అదీ నవంబరులోనే మొదలైంది.

ఇప్పుడు నెలకోసారి తలుపు కింద రెండు బై నాలుగు చెక్క పడుకోబెట్టి పరీక్షిస్తున్నాను. తగలగానే వెనక్కి వెళ్ళాలి. మా చిన్నది పక్కన నిలబడి లెక్కపెడుతుంది. దూకుడు ఆట నేనూ మానేశాను.

అమ్మకి బొమ్మ గీసి మరీ చెప్పాను, సూర్యుడు, నైరుతి, సెన్సర్ అన్నీ. ఓపిగ్గా విని, "అంటే ఇల్లు తూర్పుకుంటే ఈ గొడవే లేదన్నమాట" అంది.

కాదనలేకపోయాను.